‘మాలపిల్ల’ చిత్రమున వెలి సమస్య

చెన్నపురి ఉత్తరభాగమున నున్న వాషర్‌మెన్‌పేటకు, ఈస్టిండియా కంపెనీ కాలమున బట్టలుతికి తెలుపుచేసిన చాకలివారిని బట్టి ఆ పేరు కలిగెను. తెలుగు దేవాంగులును తరతరములుగా అచట నేతపనితో జీవించిరి. జస్టిస్ పార్టీ స్థాపకులలో నొకరగు సర్ పిట్టి త్యాగరాయచెట్టి (1852–1925) ఆ పేటవారే. వృత్తియే పేట పేరై నిలిచిన చోట, పుట్టుకను బట్టి మనుష్యుని విలువ కట్టవచ్చునా యను ప్రశ్న కేవల శాస్త్రచర్చ కానేరదు. ఆ ప్రశ్ననే 1938లో చెన్నపురి సారథీ ఫిలిమ్స్ వారు వెండితెరపై నిలిపిరి. గూడవల్లి రామబ్రహ్మము దర్శకత్వమున వెలువడిన ఆ చిత్రమే ‘మాలపిల్ల’.

గుడిపాటి వెంకటచలము కథ దీనికి ఆధారము. ఆచారపరుడగు సుందరరామయ్య కుమారుడు నాగరాజు, ఆనాటి మాటలో హరిజన కన్యయగు శంపాలతను ప్రేమించును. ఊరు సహింపదు, వారు కలకత్తా చేరుదురు. శంపాలతగా కాంచనమాలయు, సుందరరామయ్యగా గోవిందరాజుల సుబ్బారావును నటించిరి. తిరువాన్కూరున 1936లో దేవాలయప్రవేశ ప్రకటన వెలువడెను. మద్రాసు రాజధాని అంతటికిని తత్సంబంధమగు చట్టము 1939లో గాని రాలేదు. చట్టమునకు ముందే తెలుగు ప్రేక్షకుని ఎదుట ఈ సమస్యను ఉంచుట ఈ చిత్రమునకు గల మొదటి గౌరవము.

అయినను, వెలియైనవారు తిరిగి ఊరు చేరు విధము విచారింపదగినది. అగ్నిప్రమాదమున చిక్కిన సుందరరామయ్య భార్యను హరిజనుడు రక్షించును. అప్పుడే ఆయన మనసు మారును, ఆలయద్వారము తెరువబడును, ప్రేమికులకు ఆశీస్సులు లభించును. ఆ రక్షణయే జరగనిచో? హక్కు ఉపకారమునకు బహుమతిగా మారినది. అగ్రవర్ణము వారి ప్రాణము నిలిపిననే మనుష్యుడుగా గుర్తింపబడుట న్యాయమనిపించుకొనదు.

ఈ లోపము స్వీడన్ దేశపు చిత్రమొకదానితో పోల్చిన స్పష్టపడును. ఐస్లాండు నాటకకర్త యోహాన్ సిగుర్యోన్సన్ రచన ననుసరించి, విక్టర్ షోస్ట్రోమ్ 1918లో ఐవిండ్ అను పారిపోయిన ఖైదీ కథను చిత్రించి, తానే ఆ పాత్రను ధరించెను. ఆకలిబాధచే గొఱ్ఱెను దొంగిలించుట ఐవిండ్ నేరము. హల్లా యను సంపన్న వితంతువు అతని నిజము తెలిసియు ఆస్తిని విడిచి వెంట నడచును. కొండలే వారికి ఇల్లు. తరుమువారు సమీపింపగా ఆ తల్లి బిడ్డను అగాధమున విడుచును; తుదకు భార్యాభర్తలు మంచున ప్రాణములు కోల్పోవుదురు. ఊరు మారదు, క్షమింపదు. కావున ఆ అన్యాయభారము ప్రేక్షకుని వెంట ఇంటికి వచ్చును. ‘మాలపిల్ల’లో ఆ ఋణము తెరపైననే తీరిపోవుటచే ప్రేక్షకుడు తృప్తితో లేచిపోవును.

ఒకటి మాత్రము ఒప్పుకొనవలెను. 1938 నాటి సభను నొప్పింపక ఒప్పించుటకు రామబ్రహ్మమునకు ఇట్టి ముగింపు అవసరమై యుండవచ్చును. కాని 1950లో అమలునకు వచ్చిన భారత రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేయుచు ప్రతిఫలము నేదియు కోరలేదు. చిత్రము ఆగినచోట చట్టము ముందడుగు వేసినది. మనుష్యుడు మనుష్యుడగుటకు నిప్పులో దూకి నిరూపింపవలసిన పని లేదు. ‘మాలపిల్ల’ సాహసమును మెచ్చువారు ఈ మాటను గూడ జ్ఞాపకముంచుకొనుట ఆ చిత్రమునకు అగౌరవము కాదు. అది మొదలిడిన వాదమును పూర్తిచేయుటయే యగును.