రాణి లేని పేక

పాత చీరకు కొత్త అంచు వేయించుకోవడం మనకు అలవాటే. చీర బాగుంటేనే ఆ ముచ్చట. చీరే పోయాక అంచు ఒక్కటీ దాచుకుని ఏం చేస్తాం? పేకముక్కల గురించి రాస్తూ చీరల గొడవేమిటంటారా? సంబంధం ఉంది, వినండి.

మా మాసబ్ ట్యాంక్‌లో పిల్లలు సాయంత్రమైతే మెట్లమీద చేరి పోకెమాన్ ముక్కలు మార్చుకుంటూ ఉంటారు. "నీకు రెండిస్తా, నాకది ఇవ్వు" అని బేరాలు! 1996లో జపానులో వెలువడిన ముక్కలవి. అంతకు మూడేళ్ళ ముందే, 1993లో, రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే అమెరికా లెక్కల పండితుడి 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' ఈ పోగుచేసి ఆడే పద్ధతికి దారి తీసింది. ఇలాంటి ఆటలకు ఎప్పటికప్పుడు కొత్త ముక్కలు వస్తూండాలి. చిక్కంతా అక్కడే. 2006లో 'టైమ్ స్పైరల్' అనే విడతలో మ్యాజిక్ వాళ్ళు 121 పాత ముక్కల్ని పాత చట్రంలోనే మళ్ళీ వేశారు. పాత ఆటగాళ్ళు మురిసిపోయారు. కొత్తవాళ్ళు మాత్రం ఎవరినీ ఎరగని పెళ్ళికి వెళ్ళినట్టు బిక్కమొహం వేశారు.

ఈ చిక్కును మనవాళ్ళు ఏనాడో విప్పారు, గంజిఫాలో. పారశీకం నుంచి వచ్చిన ఆట అది. 1527లో బాబరు సింధు పాలకుడికి ఈ ముక్కలు పంపినట్టు తన ఆత్మకథలో రాసుకున్నాడు. మొగలు పేకలో మన ఆటీను, ఇస్పేటుల్లాగా ఎనిమిది రంగులు, మొత్తం 96 ముక్కలు. మనవాళ్ళు దాన్ని దశావతారాల పేకగా మార్చి, పది రంగులు, 120 ముక్కలు చేశారు. రంగుకో రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెలు. ఆ కట్టు మాత్రం ముట్టుకోలేదు. మొగలు పేకలో పగలు బంగారు నాణేనిది మొదటి ఎత్తు, రాత్రి వెండి నాణేనిది. ఇక్కడ పగలు రాముడిది, రాత్రి కృష్ణుడిది. సూర్యవంశం, చంద్రవంశం! వేషం మారింది, నడక మారలేదు. సొగసంటే అదీ.

కొత్తదనం మితిమీరితేనో? మైసూరు మూడవ కృష్ణరాజ ఒడయారు 19వ శతాబ్దంలో ఎన్నో కొత్త పేకలు కల్పించారు. ఒకదానికి ఏకంగా 360 ముక్కలు! ఆ మేధకు నమస్కారం. కాని పప్పు ఉడికేలోగా బోధపడని ఆట ఇళ్ళల్లోకి ఎలా వస్తుంది? అవి కోట దాటి పెద్దగా రాలేదు.

ఇక పాతమీద మోజు మితిమీరితే ఏమవుతుందో చూడండి. మన నిర్మల్ చిత్రకారులూ గంజిఫా ముక్కలు రాసినవారే. ఆమధ్య ఒక హస్తకళల దుకాణంలో గంజిఫా పెట్టె చూశాను. బొమ్మలు కళ్ళు తిప్పుకోనివ్వవు. ఆడే పద్ధతి చెప్పే కాగితం మాత్రం లేదు. అడిగితే, "గోడకు పెట్టుకోండమ్మా, అందంగా ఉంటుంది" అన్నారు. మాసాహెబా చెరువు మాయమై, మా పేటకు పేరు మాత్రం మిగిలింది. ఆ పెట్టె సంగతీ అంతే.

ఆట ప్రాణం బొమ్మలో లేదు, ఆడే చేతుల్లో ఉంది. బొమ్మ మార్చినా తప్పులేదు గాని, ఆట మరచిపోతే మిగిలేది పటమే. మా పేటలోనే లలితకళల విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి పిల్లలెవరైనా పూనుకుని, ముగ్గురు కూర్చుని ఒక సాయంత్రంలో నేర్చుకునే గంజిఫా తయారుచేస్తే ఎంత బాగుంటుంది!

చేస్తే, నాదొక చిన్న కోరిక. ఇన్ని అవతారాలున్న పేకలో రాజున్నాడు, మంత్రి ఉన్నాడు, రాణి లేదు. కృష్ణుడి రంగులో మంత్రి స్థానం సత్యభామకు ఇచ్చి చూడండి. ముక్కల లెక్క మారదు, ఆట చెడదు. నరకాసురుడి మీద విల్లెత్తిన ఇల్లాలికి మంత్రి పదవి ఎక్కువంటారా?