సంకోచము నుండి నాయకత్వమునకు: క్లౌ దొరగారి ఆత్మకథపై విమర్శనాత్మక పరిశీలన

దేవుడు పిలిచినవాడు మొదట వెనుకాడుట, తరువాత ధైర్యముగల నాయకుడగుట లేఖనములలో మనకు పరిచయమైన క్రమమే. అయితే ధైర్యము వచ్చిన తరువాత ఆ మొదటి సంకోచము ఏమవుతుంది? పూర్తిగా పోతుందా, మరొక రూపము ధరిస్తుందా? ఈ ప్రశ్నతో మేము ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ (1836-1910) గారి ఆత్మకథను పరిశీలిస్తున్నాము. ఆయన చెప్పగా ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ వ్రాసిన 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' అను ఈ గ్రంథము ఆయన మరణానంతరము 1914లో వెలువడింది.

యౌవనములో క్లౌ కోరుకున్నది దైవసేవ కాదు. మిన్నెసోటాలో భూమి సర్వే పని చేసి, లాయరు కావలెనను తలంపుతో చదువుకు వెళ్ళారు. 1865లో నెల్లూరు చేరి, మరుసటి సంవత్సరము ఒంగోలులో స్థిరపడిన తరువాత మరొక సంకోచము ఎదురైంది. అగ్రవర్ణముల పిల్లలు మిషన్ బడికి వస్తున్న రోజులలోనే మాదిగ కుటుంబములవారు బాప్తిస్మము అడిగారు. వారిని చేర్చుకుంటే మా పిల్లలను మానిపిస్తామని పెద్దలు చెప్పారు. క్లౌ గారు, ఆయన మొదటి భార్య హారియెట్ వేరువేరుగా బైబిలు తెరువగా ఇద్దరికీ 1 కొరింథీ 1:26-29 కనబడిందని గ్రంథము చెబుతుంది.

మన ప్రసంగ వేదికలపై ఈ సంఘటన అద్భుతముగా వినబడుతుంది. దానిని మేము కాదనము. కాని అంతకు ముందు జరిగినదానిని కూడా లెక్కించాలి. తోళ్ళ వ్యాపారము చేస్తూ, యోగమార్గములో గురూపదేశము పొందిన యర్రగుంట్ల పేరయ్య 1866 మార్చి 16న ఒంగోలులో బాప్తిస్మము పొందారు. క్లౌ పేరయ్యను వెదకి పట్టుకొనలేదు. సత్యమును వెదకుచు పేరయ్యే వచ్చారు. తన ఊరివారిని సిద్ధపరచి దొరగారిని పిలిపించుకున్నదీ ఆయనే. కనుక ఆ వాక్యము, పేరయ్య అప్పటికే తెరచిన తలుపులో అడుగు పెట్టుటకు క్లౌకు ధైర్యమిచ్చినది.

1876-78 నాటి గొప్ప కరువులో ఈ నాయకత్వము పరీక్షింపబడింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకము కంట్రాక్టుకు తీసుకున్నారు. పాత సర్వే అనుభవము అక్కరకు వచ్చింది. బోధకులే మేస్త్రీలుగా ఉండి, పని విరామములో కూలీలకు సువార్త చెప్పారు. అనేకులు బాప్తిస్మము కోరారు. అయినా క్లౌ సుమారు 15 నెలలు ఎవరికీ ఇవ్వలేదు. అన్నము కొరకు వచ్చినవారెవరో, క్రీస్తు కొరకు వచ్చినవారెవరో తేలవలెనని ఆగారు. సహాయము ముగిసిన తరువాత కూడా జనులు వచ్చి అడిగారు. అప్పుడు 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి వద్ద ఒక్క దినములో 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఇక్కడే మా ప్రశ్నకు జవాబు ఉన్నది. క్లౌ సంకోచము పోలేదు, దాని దిక్కు మారింది. మొదట అది తన బడికి, తన పనికి కలుగబోవు నష్టమును గూర్చినది. కరువులో అది ఆకలిగొన్న ప్రజల మనస్సాక్షిని గూర్చినది. మోషే విషయములోను ఇదే చూస్తాము. నిర్గమకాండము 3, 4 అధ్యాయములలో ఆయన సాకులన్నీ ప్రధానముగా తన అయోగ్యత చుట్టూ తిరుగుతాయి. 32వ అధ్యాయములో ఆయన ప్రజల కొరకు దేవుని యెదుట నిలిచి బ్రతిమాలుతాడు.

మరొక విషయము. ఆ దినమున నీళ్ళలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు అభిషిక్తులైన తెలుగు బోధకులు. ఇద్దరు అలసిపోగా మరి ఇద్దరు దిగారు. తన చేతిని వెనుకకు తీసుకొని ఇతరుల చేతులను నమ్ముటయే క్లౌ నాయకత్వములోని పరిపక్వత అని మేము భావిస్తున్నాము.

గ్రంథములోని లోపము కూడా చెప్పక తప్పదు. 'నేను' అని సాగు ఈ కథనములో బోధకుల స్వరము తరచుగా దొరగారి నోటి నుండియే వినబడుతుంది. పేరయ్యకు ఏ సంకోచము లేదా? కులస్థుల కోపమును, గురువును విడిచిన వేదనను ఆయన ఎట్లు భరించారు? ఎమ్మా గారే 1899లో ప్రచురించిన 'వైల్ సూయింగ్ శాండల్స్' మాదిగ విశ్వాసుల జీవితములకు మరింత చోటిచ్చింది. రెండింటిని కలిపి చదివిననే నాయకుడు ఎట్లు తయారైనాడో, ఎవరు తయారుచేశారో తెలుస్తుంది.

నల్లపాడు మొదలు ఒంగోలు వరకు ప్రత్తి, మిర్చి పొలముల మధ్యనున్న మన సంఘములలో బాప్తిస్మముల లెక్క చెప్పి కాపరి శక్తిని కొలుచుట అలవాటైంది. 2,222 అను సంఖ్యను సంతోషముతో జ్ఞాపకము చేసుకుంటాము. దానికి ముందున్న 15 నెలలను మాత్రము అరుదుగా బోధిస్తాము. మిర్చి కోతల కాలములో పరాయి ఊళ్ళనుండి వచ్చు కూలి కుటుంబములకు సహాయము చేయు కాపరి, ఆ సహాయమునకు బదులుగా ఏమియు అడుగకుండా ఎంతకాలము వేచియుండగలడో తన్నుతాను ప్రశ్నించుకొనవలెను. కాపరి శిక్షణలో ఈ ఆత్మకథను పాఠ్యముగా పెట్టువారు జూలై 3తో పాటు ఆ నెలలను కూడా బోధించవలెనని మా మనవి.