రెండో డైరెక్టర్

ఎస్.ఆర్. నగర్‌లో కంపెనీల రిజిస్ట్రేషన్ చూసే మా ఆఫీసుకు వచ్చేవాళ్లలో చాలామంది అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని, కొన్నాళ్లు ఉద్యోగం చేసి, సొంతంగా ఏదైనా పెడదామనుకుంటున్న కుర్రాళ్లే. ప్రైవేట్ లిమిటెడ్‌కు కనీసం ఇద్దరు డైరెక్టర్లుండాలని చెప్పగానే, "మా ఆవిడ పేరు పెట్టేయండి సార్" అంటారు. "ఆ అమ్మాయినీ తీసుకురా బాబూ, ముందు మాట్లాడదాం" అంటాను.

కంపెనీ వేరు, దాన్ని పెట్టిన మనిషి వేరు అని 1896లో సాలమన్ అనే తోలు బూట్ల వ్యాపారి కేసులో ఇంగ్లండ్ ప్రభువుల సభ తేల్చింది. వ్యాపారం మునిగితే వాటా సొమ్ము పోతుంది గానీ ఇల్లు పోదు. ఆ భరోసా లేకపోతే మధ్యతరగతివాడు వ్యాపారం జోలికే వెళ్లలేడు. అయితే ఆ రక్షణ నష్టం వరకే. మన సంతకానికి మనమే జవాబుదారీ.

కంపెనీ చెక్కు బౌన్సయితే కంపెనీతోపాటు దాని వ్యవహారాలు నడిపేవాళ్ల మీదా కేసు పడుతుంది. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా. హైదరాబాద్ కంపెనీ ఎస్ఎంఎస్ ఫార్మాస్యూటికల్స్ వేసిన కేసులో 2005లో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: డైరెక్టర్ అయినంత మాత్రాన నేరం అంటగట్టకూడదు, చెక్కు మీద సంతకం చేసినవాళ్లు మాత్రం తప్పించుకోలేరు. పేరుకే డైరెక్టరైన ఇల్లాలికి ఇది ఊరటే. కానీ ఆ ఊరట దక్కేలోపు సమన్లు, వకీలు ఫీజులు, వాయిదాలు తప్పకపోవచ్చు.

బ్యాంకు లోను దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. కాగితాల కట్టలో పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టిన చోటల్లా సంతకాలు చేసేస్తారు. అందులో వ్యక్తిగత హామీ పత్రం ఉంటే, కంపెనీ దివాలా తీసినా ఆ బాకీ మనల్ని వదలదు. 2021లో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది.

కాగితం మీది సంతకమే కాదు, డైరెక్టర్ల డిజిటల్ సంతకం విషయంలోనూ ఇంతే. దాని టోకెన్ చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. దానికి పేరు రాసిన స్టిక్కర్ అంటించి, పాస్‌వర్డ్ కూడా దాని మీదే రాసి, ఆడిటర్ సొరుగులో వదిలేసి వెళ్తుంటారు. మా దగ్గర అది కుదరదు. టోకెన్ ఆ అమ్మాయి చేతికే ఇచ్చి, పాస్‌వర్డ్ తననే పెట్టుకోమంటాను.

వ్యాపారం తనకూ ఇష్టమైతే రెండో డైరెక్టర్‌గా రావాలి, లెక్కలు చూడాలి, నచ్చని తీర్మానానికి ఒప్పుకోనని చెప్పాలి. ఇష్టం లేదంటారా, 2013 కంపెనీల చట్టం ఏకవ్యక్తి కంపెనీకి వీలిచ్చింది. ఒక్క డైరెక్టర్ చాలు. నీ వ్యాపారానికి నీ ఒక్కడి సంతకమే పెట్టుకో బాబూ.