మొదట తాకిన చేయి

గాదె ఉమ్మడిదైనంతమాత్రమున అది ఇంటనున్న ప్రతివానికిని సమానదూరముననే యుండునని నేను చాలకాలము నమ్మియుంటిని.

క్లస్టరుకు ప్రోగ్రాము వ్రాయువాడు రెండు విధములైన వ్యవహారములను ఏకకాలమున నడుపవలసియుండును. ఒక నోడులోని, అనగా క్లస్టరునందలి ఒక యంత్రములోని, ప్రాసెసర్లన్నియు ఒకే మెమరీని పంచుకొని, ఒకే గాదెలోని ధాన్యమును వండుకొను కుటుంబమువలె మెలగును. నోడునకును నోడునకును నడుమ మాత్రము, వేర్వేరు గ్రామములందలి బంధువులకువలె, ఉత్తరప్రత్యుత్తరములే శరణ్యము. ఉత్తరముల పద్ధతికి 1994లో ఎంపీఐ అను ప్రమాణ మేర్పడగా, ఉమ్మడి గాదె పద్ధతికై ఓపెన్ఎంపీ 1997లో ఫోర్ట్రానునకును, మరుసటి యేడు సీ, సీ ప్లస్‌ప్లస్ భాషలకును వచ్చినది. ఆ 1994లోనే నాసావారి గొడ్డార్డ్ కేంద్రమున థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 సాధారణ 486 ప్రాసెసర్లను ఈథర్నెట్‌తో కూర్చి బేవుల్ఫ్ క్లస్టరును నిర్మించిరి. యంత్రమున కొక్క ప్రాసెసరే గనుక నాడు ఉత్తరములే చాలినవి. నేడు నోడునకు పదులకొలది కోర్లు. ప్రతి కోరునకును వేరుకాపుర మేర్పరచి, ఒకే ఇంటివారిచేత సైతము ఉత్తరములు వ్రాయింపవచ్చును గాని, ఇరుగుపొరుగు అంచుల ప్రతులు పెరిగి మెమరీ వ్యర్థమగును. అందువలన నేను ఉభయపద్ధతులను మేళవించుటకే మొగ్గుదును.

ఒకప్పుడు లోహపుపలకలో ఉష్ణము వ్యాపించు తీరును గణించు ప్రోగ్రామును ఇట్లే వ్రాసితిని. పలకను నోడులకు పంచి, అంచుల వరుసలను ఎంపీఐతో పంపించి, లోపలి లూపులను ఓపెన్ఎంపీ థ్రెడ్లకు అప్పగించితిని. నోడులోని రెండు సాకెట్లలో, అనగా ప్రాసెసరు చిప్పుల పీఠములలో, మొదటిదాని కోర్లవరకు వేగము చక్కగా పెరిగినది. రెండవ సాకెట్టును చేర్చినంతనే ఆ పెరుగుదల ఇంచుమించుగా నిలిచిపోయినది. దినములకొలది నెట్‌వర్కునే అనుమానించి, సందేశముల కాలమును కొలిచి చూడగా, అది స్వల్పమే.

దోషము నేనెన్నడును లెక్కపెట్టని చోట నుండెను. గణన మారంభింపకముందు పట్టికను సున్నలతో నింపు లూపును ఒక్క థ్రెడ్డే నడిపినది. ఉమ్మడి మెమరీయే అయినను అందు కొంత ఒక్కొక్క సాకెట్టు చెంత నుండును; ఏ కోరు మొదట వ్రాయునో దాని చేరువనున్న మెమరీలోనే ఆ పేజీని ఉంచుట లైనక్సునకు సహజధర్మము గనుక, పట్టిక యంతయు మొదటి సాకెట్టు చెంతనే చేరి, రెండవదాని థ్రెడ్లు ప్రతి సంఖ్యకును ఆవలిగదికి పోవలసివచ్చినది! థ్రెడ్లను కోర్లకు కట్టి, సున్నలు నింపు లూపును గణన లూపునకువలెనే వాటికి పంచి, ఎవరి భాగమును వారే మొదట తాకునట్లు చేసితిని. మార్చినది రెండు పంక్తులే. రెండవ సాకెట్టు తన పాలు తాను మోయసాగినది.

పనిని పంచుటనే నేను విద్య యనుకొంటిని; దత్తాంశమునకు నివాస మేర్పరచుట అంతకంటె ముందటి పని. యువమిత్రు లెవరైనను తమ ప్రోగ్రామును చూడుమని తెచ్చినప్పుడు, వారు గర్వముతో చూపు గణనభాగమును పిదప చూతునని చెప్పి, పైకి జరిపి, సున్నలు నింపు లూపును ముందుగా చదువుదును.