చీరను తిరగేసి చూడనివ్వండి

భూదాన్ పోచంపల్లి పర్యాటక కేంద్రంలో ఓ చిన్న చేనేత మ్యూజియం ఉంది. నేత ఊళ్లలో ఇలాంటివి ఇంకా రావాలి. కాకపోతే పెద్ద మ్యూజియాలను చూసి చీరను అద్దాల పెట్టెలో పరిచి పేరు రాసిపెడితే సరిపోదు. ఇక్కడి ఇక్కత్ నేత విషయంలో అసలు సంగతిని దాచేది ఆ అద్దమే. చిటికి, అంటే అక్కడక్కడా బిగించే కట్టు, కట్టి రంగు వేసిన నూలుతో నేసిన బట్ట ముందూ వెనకా ఒక్కలాగే ఉంటుంది. అచ్చు వేసిన నకిలీకి సాధారణంగా వెనకవైపు రంగు వెలవెలబోతుంది. ఆ తేడా తెలియాలంటే చీరను చేత్తో తిరగేసి చూడనివ్వాలి. ఇక మగ్గానికి ముందున్న పని సంగతి. గుంట మగ్గం అందరూ పెడతారు, పెట్టాల్సిందే. కానీ ఇక్కత్ బొమ్మ అంతకు ముందే, నూలు మీదే తయారవుతుంది: అర్ధచంద్రాకారపు చట్రం మేకుల చుట్టూ పేక నూలుతో ఆసు పోయాలి, లెక్క ప్రకారం గుర్తులు పెట్టాలి, రబ్బరు పట్టీలతో బిగించి కట్టాలి, రంగులో ముంచాలి, విప్పి మళ్లీ కట్టాలి. ఒక్క చీర ఆసుకు చెయ్యి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల చెయ్యే. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. పాత చట్రాన్నీ ఆ యంత్రాన్నీ పక్కపక్కన పెడితే చాలు, ఎంత పెద్ద బోర్డూ చెప్పలేనంత తెలుస్తుంది.

తాకనిస్తే పాత బట్ట పాడైపోదా అనొచ్చు. పాడవుతుంది. నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానిన నూలుతో నేసిన పాతకాలపు తేలియా రుమాలును వెలుతురుకీ చేతులకీ దూరంగానే దాచాలి. కానీ మగ్గాలాడుతున్న ఊళ్లో సగం విప్పిన చిటికి, రంగు కుదరక పక్కన పడేసిన ముక్క చేతికివ్వడానికి అడ్డేమిటి? చిరిగితే ఇంకొకటి దొరుకుతుంది.

నేతన్నకు కావాల్సింది గిట్టుబాటు కూలి, మ్యూజియం ఎందుకన్న మాట ఇంతకన్నా గట్టిది. మ్యూజియం కూలి పెంచలేదు, ఒప్పుకోవాలి. అయితే కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయించిన 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం ఉన్నా, పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చినా అచ్చు ఇక్కత్ అమ్ముడవుతూనే ఉంది. రెండు చీరలూ ఒకేలా కనిపించే కంటికి చవకదే న్యాయమైన ధర. ఆ కంటికి తేడా నేర్పడం మ్యూజియం చేతిలో ఉన్న పని. అలాగని నేతన్నను పొద్దస్తమానం కూర్చోబెట్టి ప్రదర్శన వస్తువును చేయడమూ నాకు నచ్చదు. ఆసు పోసి చూపించే మనిషికి ఆ పూట కూలి టికెట్ డబ్బుల్లోంచే ఇవ్వాలి. చీరల బేరం మాత్రం మ్యూజియం గదిలో వద్దు.