రాయి మోగిందా, హెడ్‌సెట్ మోగిందా

మా అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరడానికి హైదరాబాద్ పోతూ తన గేమింగ్ హెడ్‌సెట్‌ను ఇంట్లోనే వదిలి వెళ్లాడు. హాస్టల్లో అది తగిలించుకుని కూచుంటే చదువు సాగదని వాళ్లమ్మ పట్టుబట్టింది. రెండు నెలలు అది అలమరలోనే ఉంది. మనుషులతో మాట్లాడి, రికార్డు చేసుకొచ్చి, రాత్రిళ్లు వింటూ రాసుకోవడం నా పని. నేను వాడే ఇయర్‌ఫోన్లలో ఒకవైపు పలకడం మానేసిన రోజున ఆ హెడ్‌సెట్‌ను దించి దుమ్ము తుడిచాను. ఏడాదిన్నర అయింది. నంద్యాలలో నా రాత పనీ, ఫోన్ మాటలూ, రాత్రి పాటలూ అన్నీ ఇప్పుడు దాంతోనే.

అది ఆట కోసం చేసిన వస్తువు. శత్రువు అడుగుల చప్పుడు ఎడమ నుంచి వస్తోందో కుడి నుంచి వస్తోందో క్షణంలో తెలియాలి. తుపాకి పేలితే గుండె అదరాలి. అందుకని చాలా హెడ్‌సెట్లలో అడుగున ఉండే బరువైన మోతను, అంటే బేస్‌ను పెంచుతారు, పైన అడుగుల చప్పుడూ గాజు పెంకుల చప్పుడూ ఉండే చోట కాస్త పదును పెడతారు. ఈ రెంటికీ మధ్యలో ఉండేది మనిషి గొంతు. అది వెనక్కి పోతుంది. నా పనంతా ఆ మధ్యలోనే.

ఇది నాకు తెలిసొచ్చింది ఒక తప్పు జరిగాక. కేసీ కెనాల్ కింద వరి పెట్టిన రైతుతో పొలం గట్టున మాట్లాడాను. పక్కన ట్రాక్టరు ఆగకుండా కొట్టుకుంటోంది. రాత్రి హెడ్‌సెట్‌లో విని, ఆయన చెప్పిన అంకెను ‘అరవై’ అని రాశాను. పత్రిక వచ్చిన పొద్దున ఆయన ఫోన్ చేసి, ‘‘నేను ఇరవై అంటే నువ్వు అరవై రాస్తివి గదప్పా’’ అన్నాడు. రికార్డింగ్ మళ్లీ విన్నాను. అప్పుడూ అరవై అన్నట్టే ఉంది. సెట్టింగుల్లోకి పోయి అడుగు మోతను సగానికి దించి, వెయ్యి నుంచి నాలుగు వేల హెర్ట్‌జ్ దాకా కొంచెం లేపి విన్నాను. ఇరవయ్యే. ట్రాక్టరు మోత మొదటి అక్షరాన్ని మింగేసింది. హెడ్‌సెట్ ఆ మోతను పెంచి, మింగడానికి సాయం చేసింది. మరుసటి వారం సవరణ వేసుకున్నాం. అప్పటి నుంచి హెడ్‌సెట్ ఎవరు కొన్నా, పాట పెట్టి చూడకముందు పొలంలో రికార్డు చేసిన మాట ఒకటి పెట్టి వినమంటున్నాను.

తీగ లేని ఈ హెడ్‌సెట్లకు రెండు దారులు ఉంటాయి. ఒకటి బ్లూటూత్. రెండోది బొటనవేలి గోరంత డాంగిల్, దాన్ని ల్యాప్‌టాప్‌కు గుచ్చితే 2.4 గిగాహెర్ట్‌జ్‌లో హెడ్‌సెట్‌తో నేరుగా మాట్లాడుతుంది. మామూలు బ్లూటూత్‌లో చప్పుడు చెవికి చేరడానికి 150 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. డాంగిల్‌తో సాధారణంగా 40 దాటదు. ఆటగాళ్లకు ఈ తేడా ప్రాణం. నాకు అంతకంటే పెద్ద తేడా మైకు దగ్గర కనబడింది. మైకు తెరవగానే బ్లూటూత్ పాటల దారి మూసేసి, మాటల దారిలోకి మారిపోతుంది. పాత పద్ధతిలో ఆ దారి సెకనుకు 8,000 సార్లు మాత్రమే శబ్దాన్ని కొలుస్తుంది, అంటే 4,000 హెర్ట్‌జ్ పైన ఉన్నదేదీ అవతలికి చేరదు. తరవాతి పద్ధతిలో కొలతలు 16,000 అయ్యాయి, ఇంకొంచెం చేరుతుంది. మన ‘స’లో ఉండే ఈల ఎక్కువ భాగం ఆ 4,000 పైనే ఉంటుంది.

ప్రొద్దుటూరులో ఉండే మా అక్కకు ల్యాప్‌టాప్ నుంచి వాట్సాప్‌లో కాల్ చేసి, ‘సల, ఫల, శల’ అని తారుమారు చేసి చదివాను. వినపడింది వినపడినట్టు రాసుకోమన్నాను. బ్లూటూత్‌తో చదివినప్పుడు పదింటిలో ఆరే సరిగ్గా రాసింది. డాంగిల్‌కు మారాక తొమ్మిది. ‘‘ఇప్పుడు పక్కన కూచోని మాట్లాడినట్టుండాది రా’’ అంది. హెడ్‌సెట్ ఎట్లుందని మనం మన చెవినే అడుగుతాం. మాట బాగుందా లేదా అన్నది అవతలి చెవి చెప్పాలి. 2020లో ప్రకటించిన ఎల్ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి ఈ ఇరుకును తీసేయడానికి వచ్చిందే. కానీ ఫోనులోనూ హెడ్‌సెట్‌లోనూ రెండిట్లోనూ ఉంటేనే అది పని చేస్తుంది.

ఆళ్లగడ్డ శిల్పుల మీద రాయాల్సి వచ్చి కిందటి వేసవిలో హెడ్‌సెట్‌నూ ల్యాప్‌టాప్‌నూ సంచిలో వేసుకుని బస్సెక్కాను. నంద్యాల నుంచి నలభై కిలోమీటర్ల దారి. కిటికీ పక్కన కూచుని పెట్టుకుంటే పక్కవాళ్ల మాటలూ, హారన్లూ చాలావరకు తగ్గాయి. ఇంజను రొద మాత్రం అట్లే ఉంది. చెవిని మూసే మెత్తలు పైస్థాయి చప్పుళ్లను ఆపగలవు, అడుగు రొదను ఆపలేవు. దాన్ని ఎదురు శబ్దంతో కొట్టేసే ఏర్పాటు వేరే ఉంటుంది, గేమింగ్ హెడ్‌సెట్లలో కొన్నిటికే అది ఉంది. ఆళ్లగడ్డ చేరేసరికి రొదను మించి వినాలని శబ్దం ఎంత పెంచానో చూసుకుని, దించేశాను.

ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది. అహోబిలం పోయేవాళ్లకు ఆ ఊరి రోడ్డు పక్కన వినాయకుళ్లూ, నరసింహస్వాములూ, ఇంకా మొహం తేలని దేవుళ్లూ వరసగా కనబడతారు. నాన్నకు స్నేహితుడైన ఒక పెద్ద శిల్పి షెడ్డులో కూచున్నాను. చిన్నప్పటి నుంచీ ఆయన్ని చిన్నాయనా అనే పిలుస్తాను. శిల్పి రాయిని కొనేముందు సుత్తితో కొట్టి వింటాడు. గంటలా మోగితే లోపల పగులు లేనట్టు. మొద్దుగా పలికితే ఉలి పడ్డ తరవాత ఎక్కడో చీలుతుంది. శిల్పశాస్త్రం పలికే తీరును బట్టే రాళ్లను పురుష శిల, స్త్రీ శిల, నపుంసక శిల అని విడదీసింది. చిన్నాయన రెండు రాళ్లను కొట్టి వినిపించాడు. ఒకటి నిలిచి మోగింది. రెండోది టప్‌మని ఆగిపోయింది. రెండూ ఫోనులో రికార్డు చేసి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. హెడ్‌సెట్ ఆయనకు పెట్టి, ఏది ఏ రాయో చెప్పకుండా వినిపించాను.

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ వేయమన్నాడు. ‘‘రెండూ మంచి రాళ్లే’’ అన్నాడు. కళ్లు తెరిచి, ఎదురుగా ఉన్న రాళ్లను చూసి, హెడ్‌సెట్ తీసి చేతిలో తిప్పుతూ, ‘‘నీ డబ్బాలో పగులు రాయి గూడా గంట మాదిరి మోగుతాంది నాయనా’’ అన్నాడు.

అప్పుడు చూశాను. మా అబ్బాయి పెట్టుకున్న 7.1 సరౌండ్ అట్లే నడుస్తోంది. ఉన్నవి రెండు స్పీకర్లే. వాటితోనే చుట్టూ ఏడు స్పీకర్లు ఉన్నట్టు వినిపించడానికి, ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి చప్పుడుకూ లేని గది గోడల ప్రతిధ్వనిని చేరుస్తుంది. టప్‌మని ఆగిన మోతకు అట్లా తోక వచ్చింది. దాన్ని తీసేసి, అడుగు మోతను దించి మళ్లీ వేశాను. రెండో రాయి దగ్గరికి రాగానే ఆయన చెయ్యెత్తాడు. ‘‘ఇది సచ్చిన మోత.’’

ఆ రాత్రి ఇంటికొచ్చి ఘంటసాల పాత పాటలను సరౌండ్‌తోనూ, లేకుండానూ విన్నాను. ఆ కాలం పాటలు మోనోలో రికార్డయినవి, గొంతు ఒక్కచోటే నిలబడి ఉంటుంది. సరౌండ్ పెడితే ఆ గొంతు బావిలోంచి వచ్చినట్టు చెదిరిపోతుంది. ఎన్ని నెలలు అట్లా విన్నానో! గమకం చివర ఆయన ఊపిరి తీసుకునే చప్పుడు నాకు ఆ రాత్రే మొదటిసారి వినపడింది. గేమింగ్ హెడ్‌సెట్‌ను ఇంటి పనికి వాడేవాళ్లు ముందు ఆ మీట కట్టేయాలి. ఆటలో దాని పని దానికి ఉంటుంది. ఘంటసాల పాటలో లేదు.

చిన్నాయన కొడుకు గ్రైండర్ పట్టి పని చేస్తాడు. నా తమ్ముడి లెక్క. వాడి ఫోను రోజంతా మోగుతూనే ఉంటుంది: కొలతలు అడిగేవాళ్లు, పీఠం ఎత్తు మార్చమనేవాళ్లు, ఫొటో పంపమనేవాళ్లు. అవతల వాళ్లకు గ్రైండర్ తప్ప ఏమీ వినపడదు. ఆ పగలు షెడ్డులోనే వాడికి నా హెడ్‌సెట్ పెట్టి, మైకు కాడను పెదవి మూలకు రెండు వేళ్ల దూరంలో, ‘ప’, ‘ఫ’ల గాలి నేరుగా తగలకుండా పక్కకు వంచాను. పక్క షెడ్డులో కట్టర్ నడుస్తుండగానే బయట రోడ్డు మీది నుంచి మాట్లాడి చూశాను. మాట తేటగా వచ్చింది. వాడికి సంతోషం పట్టలేదు. ‘‘అన్నా, ఇది పెట్టుకొని గ్రైండర్ పడతా. చెవులకూ కాపుదల, ఫోనుకూ పనికొచ్చె.’’

అక్కడ మాత్రం ఒప్పుకోలేదు. గ్రైండర్ మోత 100 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే నాలుగు గంటలు, 100 అయితే ఇరవై నిమిషాలే. హెడ్‌సెట్ ఆ మోతను కొంతే ఆపుతుంది, మిగిలినదాని మీద ఫోను మాట వినాలని వాడు ఇంకా పెంచుతాడు. చెవికి రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి. గ్రైండర్ పట్టేటప్పుడు చెవుల కాపుదల కోసమే చేసిన ఇయర్‌మఫ్ వేరే ఉంది, అది వేసుకోవాలి. ఫోను వచ్చినప్పుడు గ్రైండర్ ఆపి హెడ్‌సెట్ పెట్టుకోవాలి. వాడికి ముప్పై ఏళ్లు. రాయి పలుకు విని కొనాల్సిన చెవులు అవి. వాళ్ల నాన్న అరవై దాటాక కూడా పగులు రాయిని కళ్లు మూసుకుని పట్టాడంటే, ఉలీ సుత్తీ కాలంలో పెరిగిన చెవులు కాబట్టే.

ఆటగాళ్ల సంగతీ అంతే. 2024లో బీఎంజే పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన ఒక సమీక్ష 14 అధ్యయనాలను, 50 వేల మందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూసింది. వీడియో గేములు ఆడేవాళ్లు వినే శబ్దం చాలాసార్లు భద్రమైన హద్దుకు దగ్గరగానో, హద్దు దాటో ఉంటుందని తేల్చింది. మా అబ్బాయికి అది చదివి వినిపించాను. పిల్లలకైతే వారానికి 40 గంటలకు 75 డెసిబెల్సే హద్దు. శబ్దాన్ని 85 దగ్గర కట్టేసే వీలున్న హెడ్‌సెట్లు ఉన్నాయి, పిల్లలకు కొనేటప్పుడు అది అడిగి తీసుకోండి.

ఇక మన ఎండ. మే నెలలో నంద్యాలలో మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు రెక్సిన్ మెత్తలు చెవుల మీద పది నిమిషాలు నిలవవు. చెమట కారుతుంది. చెమటా వేడీ కలిసి ఆ పైపొరను ఒకటి రెండు వేసవుల్లో నల్లటి పొలుసులుగా రాల్చేస్తాయి. నావి అట్లే రాలాయి. అమ్మిన కంపెనీ మెత్తలు విడిగా ఇవ్వలేమంది. మా వీధి టైలరు పాత పంచె గుడ్డతో తొడుగులు కుట్టిచ్చాడు. గుడ్డ సందుల్లోంచి అడుగు మోత కొంత బయటికి పోయింది. నా పనికి అది మేలే అయింది. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు ఇంకో తిప్పలు ఉంది: మెత్తలు జోడు కాడను కణతకు నొక్కుతాయి, గంటకు తలనొప్పి. దుకాణంలో రెండు నిమిషాలు పెట్టుకుంటే ఇది తెలియదు.

బరువూ అంతే. డబ్బా మీది అంకెల్లో నేను మొదట చూసేది దాన్నే. ఆడీజ్ మాక్స్‌వెల్ 490 గ్రాములు. హైపర్‌ఎక్స్ క్లౌడ్ ఆల్ఫా వైర్‌లెస్ 335 గ్రాములు, ఒకసారి ఛార్జి చేస్తే 300 గంటలు వస్తుందని కంపెనీ చెబుతుంది, కానీ బ్లూటూత్ లేదు, ఫోనుకు నేరుగా కలవదు. లాజిటెక్ జీ435 165 గ్రాములే, రెండు దారులూ ఉన్నాయి, ఛార్జి 18 గంటలు, మైకు కాడ మాత్రం లేదు. రోజుకు నాలుగు గంటలు పెట్టుకునేవాడికి 300 గంటల ఛార్జి కంటే 150 గ్రాములు తగ్గడమే ఎక్కువ సుఖం. మైకు కాడ కోసం నేను కొంత బరువు ఓర్చుకుంటాను.

కిందటి నెల తమ్ముడు సొంతంగా ఒక హెడ్‌సెట్ కొన్నాడు. వారం తిరక్కుండానే ఫోన్ చేశాడు. బెంగళూరులో గుడి కట్టిస్తున్న ఒకాయన మూలవిగ్రహానికి రాయి చూడమన్నాడట, మోత వినిపించమన్నాడట. వీడు హెడ్‌సెట్ మైకు ముందే సుత్తితో నాలుగు సార్లు కొట్టినా అవతలాయనకు ఏమీ వినపడలేదు. ‘‘పాడైపోయిందేమో అన్నా.’’

పాడవలేదు. మాట కాని ప్రతి చప్పుడునూ రొద కింద లెక్కగట్టి తీసేయడం ఆ మైకు పని. గ్రైండర్‌ను తీసేసినట్టే రాయినీ తీసేసింది. కాల్ కట్టేసి, హెడ్‌సెట్ పక్కన పెట్టి, ఫోనులోని వాయిస్ రికార్డర్‌తో రికార్డు చేసి ఆయనకు పంపమన్నాను. నాకూ ఒకటి పంపమన్నాను.

రాత్రి పదకొండుకు వచ్చింది. సరౌండ్ లేదు, అడుగు మోత పెంచలేదు. ముందు చిన్నాయన దగ్గు, ఎవరో ‘జరుగు’ అన్న మాట. తరవాత సుత్తి పడింది. మోత లేచి, నిలబడి, సన్నబడుతూ సన్నబడుతూ పోయి, గుడ్డ తొడుగుల్లోంచి మా ఇంటి ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది.