ఫ్లాష్ రేడియోథెరపీ – ఆక్సిజన్ క్షీణత పరికల్పన: విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

క్యాన్సర్‌కు చేసే రేడియోథెరపీలో మోతాదు ఎంత అన్నదే కాక, అది ఎంత వేగంగా అందింది అన్నది కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది. సాధారణ చికిత్సలో నిమిషానికి కొన్ని గ్రేల చొప్పున వికిరణం ఇస్తారు. సెకనుకు 40 గ్రేలు, లేదా అంతకు మించిన వేగంతో ఇచ్చే పద్ధతిని ‘ఫ్లాష్’ అంటున్నారు. 2014లో ఫావడాన్ బృందం చిట్టెలుకలపై జరిపిన ప్రయోగంలో ఈ పద్ధతి కణితిని సాధారణ చికిత్సతో సమానంగా అణచి, ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్‌ను మాత్రం నివారించింది. 2018లో స్విట్జర్లాండ్‌లోని లౌసాన్‌లో చర్మ లింఫోమా ఉన్న ఒక రోగికి 15 గ్రేలను 90 మిల్లీసెకన్లలో ఇచ్చారు. ఆరోగ్య కణజాలానికి దక్కే ఈ రక్షణకు ఎక్కువగా చెప్పిన కారణం ఆక్సిజన్ క్షీణత. ఆ వివరణ ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పరికల్పనకు ఆధారం

వికిరణం డి.ఎన్.ఏ.కు చేసిన గాయాన్ని ఆక్సిజన్ స్థిరపరుస్తుంది. అందువల్ల ఆక్సిజన్ లేని కణాన్ని చంపడానికి సుమారు 2.5 నుంచి 3 రెట్ల మోతాదు కావాలి. 1959లో డ్యూయీ, బోగ్ స్వల్ప ఆక్సిజన్‌లో ఉంచిన బాక్టీరియాపై పెద్ద మోతాదును ఒక్క స్పందనగా ప్రసరింపజేశారు. అవి ఆక్సిజన్ లేని స్థితిలో ఉన్నట్లే ప్రవర్తించాయి. వికిరణ రసాయన చర్యలు ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తాయనీ, రక్తం దాన్ని తిరిగి నింపేలోపే మోతాదు ముగుస్తుందనీ, ఆ వ్యవధిలో ఆరోగ్య కణజాలం తప్పించుకుంటుందనీ పరికల్పన సారాంశం.

3. పరికల్పన పరిమితులు

మొదటి అభ్యంతరం పరిమాణానికి సంబంధించినది. 2021లో యాన్సెన్ బృందం నీటిలో చేసిన కొలతల్లో 10 గ్రేలకు ఖర్చయిన ఆక్సిజన్ సుమారు 0.04 నుంచి 0.18 శాతం మాత్రమే. పైగా వేగం పెరిగినకొద్దీ ఖర్చు తగ్గింది. ఆరోగ్య కణజాలాల్లో ఆక్సిజన్ సాధారణంగా 3 నుంచి 7 శాతం దాకా ఉంటుంది. అందులో ఇంత స్వల్పమైన తగ్గుదల కణాల వికిరణ స్పందనను గణనీయంగా మార్చలేదు.

రెండవది తార్కికమైనది. క్షీణతే కారణమైతే, ఆక్సిజన్ ఇప్పటికే తక్కువగా ఉన్న కణాలే ఎక్కువ రక్షణ పొందాలి. అటువంటి కణాలు కణితుల్లో ఉంటాయని థామ్లిన్‌సన్, గ్రే 1955లోనే చూపారు. ఆరోగ్య కణజాలంలోని మూలకణాలు కూడా తక్కువ ఆక్సిజన్ ఉన్న చోటే ఉంటాయన్నది సమర్థకుల సమాధానం. అయితే కణితి ఎందుకు రక్షణ పొందలేదన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

మూడవది సాక్ష్యాన్ని అన్వయించే తీరుకు సంబంధించినది. 2019లో మోంతే-గ్రుయెల్ బృందం చిట్టెలుకల మెదడులో ఆక్సిజన్‌ను రెట్టింపు చేయగా ఫ్లాష్ రక్షణ పోయింది. ఆక్సిజన్‌కు పాత్ర ఉందనడానికి ఇది సాక్ష్యం. ఆక్సిజన్ అయిపోవడమే కారణమనడానికి కాదు. ఆక్సిజన్ పెరిగితే ఫ్రీ రాడికల్స్ రసాయనమూ మారుతుంది.

4. ముగింపు

సంబంధాన్ని కారణంగా భావించడం ఈ చర్చలోని ప్రధాన లోపం. దీని పర్యవసానం సిద్ధాంతానికే పరిమితం కాదు. ఏ కణితికి, ఏ అవయవానికి ఫ్లాష్ తగినదన్న నిర్ణయం ఆ వివరణ మీదే ఆధారపడుతుంది. సిన్సినాటిలో 10 మంది ఎముక మెటాస్టాసిస్ రోగులకు 8 గ్రేల చొప్పున ఇచ్చిన ప్రోటాన్ అధ్యయనం పరిశీలించింది ప్రధానంగా ఆచరణ సాధ్యతను. దాన్ని కణజాల రక్షణకు రుజువుగా చూపడం తగదు. సగటు మోతాదు రేటుతో పాటు ఒక్కో స్పందన వేగాన్నీ, కణజాలంలో కొలిచిన ఆక్సిజన్‌నూ నమోదు చేసిన ప్రయోగాలే ఈ పరికల్పన భవితవ్యాన్ని తేల్చగలవు.